కొలిచి పెట్టిన బియ్యం

పంజాగుట్ట,
3 జూలై 2000.

రత్నమాల పిన్నిగారికి మంజూష నమస్కారాలు.

మీ మేడ మీద వాటాలో దిగి నెలయింది. గాలీ వెలుతురూ బ్రహ్మాండం. ఎస్టీడీ బూత్‌లో మీటరు చూస్తే గుండె ఆగుతోంది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

మా ఆయన భార్గవ్‌కి సాఫ్ట్‌వేర్ జీతం, పైన సాయంత్రాలు అమీర్‌పేటలో జావా క్లాసులు. అంత వస్తున్నా ఇరవయ్యో తారీకుకల్లా చేతులు ఖాళీ. ఏడాదిలో సొంత ఫ్లాటుకి అడ్వాన్సు కట్టాలని నా పంతం. అందుకే గట్టిగా బడ్జెట్ పెట్టాను. కందిపప్పు డబ్బాలో అద్దె, మినప్పప్పు డబ్బాలో పాలూ కరెంటూ, ధనియాల డబ్బాలో సరదాలు.

ఒక్క చిన్న సంగతి. ధనియాల డబ్బాలో పెట్టిన డబ్బు తెల్లారేసరికి కందిపప్పు డబ్బాలో ఉంటోంది. గదిలోంచి ఇవతలికి వస్తే ఫ్యాను దానంతటదే ఆగిపోతోంది. ఈ ఇంటికి ఇంకో తాళంచెవి ఎవరి దగ్గరైనా ఉందా అండీ?

ఇట్లు,
మంజూష

తా.క.: అయిపోయిందని పారేసిన టూత్‌పేస్టు ట్యూబుని ఎవరో నిలువునా కోసి అద్దం దగ్గర పెట్టారు. ఇంకా వారం రోజులకి వచ్చింది.


రాజమండ్రి,
11 జూలై.

చి.సౌ. మంజూషకు రత్నమాల ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివితే నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. నీకు ముందున్నవాళ్లు నీళ్ల వంక పెట్టి మూడొందలు తగ్గించమన్నారు. నువ్వు దయ్యాల వంక పెడుతున్నావు. అద్దె పైసా తగ్గదు. మీ బాబాయిగారు మెతకమనిషి, ఆయన చేతిలో పడితే కరిగిపోయేవారు. ఇంటి ఉత్తరాలు చూసేది నేను.

ఇంకో తాళంచెవి కింద వాటాలో ఇక్బాల్ బేగం దగ్గరుంది. పదిహేనేళ్లుగా మా మనిషి. ఆవిడ మీద నింద వేస్తే ఊరుకోను. అయినా, ఇంట్లో డబ్బు పోతే దొంగతనం అంటారు. అద్దె డబ్బాలోకి వస్తే ఏమంటారో నాకైతే తెలీదు. నా మటుకు లక్షణంగా ఉంది.

ఆశీర్వదిస్తూ,
రత్నమాల

తా.క.: ఆ ట్యూబు బ్లేడుతో కోశారా, కత్తిపీటతోనా?


పంజాగుట్ట,
20 జూలై.

పిన్నిగారికి నమస్కారాలు.

కత్తిపీటతోనే. మాకు కత్తిపీట లేదు.

నేను అద్దె తగ్గించమనలేదండీ, ఒట్టు. ఇక్బాల్ బేగం గారిని నెమ్మదిగానే అడిగాను. "ఫికర్ చెయ్యకు బేటీ. గా ముసలమ్మ నా ఫ్యాన్ సుత బంద్ చేస్తది. జర బిల్లు తక్కువొస్తది, మంచిదే గదా!" అంది. ఏ ముసలమ్మ అని అడిగేలోపు పాలు పొంగుతున్నాయని లోపలికి పోయింది. తాళం మార్పించాం, నూట నలభై అయింది. మర్నాడు ధనియాల డబ్బాలో సరిగ్గా నూట నలభై కోత.

నన్ను ఆయనా, ఆయన్ని నేనూ అనుమానించి మాటలు మానేశాం. దానికి నేనేం బెంగపడలేదు. నా బెంగంతా ఇప్పుడు రాసేదాని గురించే.

మేమిద్దరం ఇంట్లో కలిసి తినేది రాత్రి భోజనమే. సాయంత్రం వంటకి వెళ్లేసరికి గట్టు మీద గిన్నెలో బియ్యం కొలిచి ఉంటోంది. మనిషికో గ్లాసు చొప్పున రెండు గ్లాసులు. ఎవరు కొలిస్తేనేం, పని తగ్గిందిలే అనుకున్నాను. వారం నుంచి ఒక్క గ్లాసే ఉంటోంది. ఇంకో గ్లాసు పోసి, కుళాయి తిప్పి చూసేసరికి మళ్లీ ఒకటే. మనుషులం ఇద్దరం, బియ్యం ఒకరికి. ఎవరు మిగులుతారు పిన్నిగారూ?

మీ మంజూష

తా.క.: ఆయనకి స్కూటరుంది, హెల్మెట్ లేదు. కొందామంటే ధనియాల డబ్బాలో డబ్బు నిలవడం లేదు.


రాజమండ్రి,
25 జూలై.

అమ్మా మంజూషా,

ఇది స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. నేను స్పీడ్ పోస్టుకి డబ్బు పెట్టానంటే సంగతి ఎంతవరకు వచ్చిందో నువ్వే ఊహించుకో.

ఆ బియ్యం కొలిచే చెయ్యి మా అత్తగారిది. పోయి ఆరేళ్లయింది. మీ బాబాయిగారి గుమాస్తా జీతంతో మా అబ్బాయి రవికాంత్ చదువు గట్టెక్కించి, ఆ మేడ లేపింది ఆవిడ పొదుపే. వంకాయ తొడిమ ఎక్కువ కోసి పారేస్తే రెండు రోజులు నాతో మాట్లాడేది కాదు. బియ్యం డబ్బా మీద మరో చెయ్యి పడనిచ్చేది కాదు. తినేవాళ్లకే కొలిచేది, గింజ ఎక్కువ పోసేది కాదు.

మా మావగారికి సుస్తీ చేసి ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు ఆవిడ ఒక గ్లాసు తగ్గించింది. ఇదేంటండీ అంటే "ఇక తినరు" అంది. ఆయన తినలేదు.

ఆవిడ లెక్క తప్పడం నేను చూడలేదు తల్లీ. భార్గవ్‌ని కనిపెట్టుకుని ఉండు. స్కూటరు ముట్టుకోనివ్వకు. నేనిక్కడ ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను.

రత్నమాల పిన్ని

తా.క.: భయపడి ఖాళీ మాత్రం చెయ్యకు. మీ అడ్వాన్సు రవికాంత్ పెళ్లిలో ఖర్చయిపోయింది.


పంజాగుట్ట,
4 సెప్టెంబరు.

పిన్నిగారికి నమస్కారాలు.

"భర్త క్షేమం" అని నేనిచ్చిన టెలిగ్రాం అందే ఉంటుంది. ఇంకో మాట వేస్తే డబ్బు ఎక్కువవుతుందని కారణం రాయలేదు.

మీ ఉత్తరం అందగానే స్కూటరు తాళం దాచి, ఆయన వెంట బస్సులో వెళ్లడం మొదలుపెట్టాను. ఆయన లోపల క్లాసు చెబుతుంటే మెట్ల మీద కూర్చున్నాను. కొత్త బ్యాచ్ అమ్మాయిననుకుని పిల్లలు ఫీజెంత కట్టావని అడిగారు. మూడో సాయంత్రం ఆ మెట్ల మీదే ఆయన్ని పట్టుకుని బావురుమన్నాను. "నువ్వు పోతావట, బియ్యం ఒక్క గ్లాసే ఉంటోంది" అని ఏడిస్తే, ఆయన తెల్లమొహం వేసి నిజం కక్కేశారు.

రోజూ క్లాసవగానే శిష్యులతో కలిసి బిర్యానీ తింటున్నారట. బడ్జెట్ పేరుతో నేను వండే పొట్లకాయ మింగుడుపడక! ఇంటికొచ్చి అన్నం కెలికి వదిలేసేవారు కదా, పనివల్ల అలసట అనుకున్నాను. బిల్లులన్నీ క్రెడిట్ కార్డు మీద, మొత్తం పదకొండు వేలు. తినని మనిషికి బామ్మగారు బియ్యం ఎందుకు పోస్తారు? పదకొండు వేల అప్పుందని తెలిసి ఆనందంతో ఏడ్చిన పెళ్లాం హైదరాబాదులో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆ మర్నాటి నుంచి మళ్లీ రెండు గ్లాసులు. ఆయన నోరెత్తకుండా పొట్లకాయ తింటున్నారు. కార్డు వాయిదా కట్టాక కూడా ఆగస్టు చివర్న అన్ని డబ్బాల్లోనూ డబ్బు మిగిలింది. పెళ్లయ్యాక ఇదే మొదటిసారి.

ఆ సాయంత్రం గిన్నెలో మూడు గ్లాసుల బియ్యం ఉంది. రోజూ అంతే ఉంటోంది. ఆయన ఎగిరి గంతేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. అలాంటి విశేషమేం లేదందావిడ. ఉన్నా, పసిగుడ్డు గ్లాసుడు బియ్యం తింటుందా? మా ఇంటికి ఎవరొస్తున్నారు పిన్నిగారూ? ఈ లెక్క ఎలా తెగుతుందో మీరే చెప్పాలి.

మీ మంజూష

తా.క.: కార్డు కోసేద్దామని కత్తెర కోసం వెతికాం. తీరా చూస్తే కార్డు అప్పటికే రెండు ముక్కలై ఉంది.


రాజమండ్రి,
12 సెప్టెంబరు.

అమ్మా మంజూషా,

నీ ఉత్తరం చదివి, నేనూ వేళ్ల మీద లెక్క వేసుకున్నాను.

మావగారు పోయాక ఆ ఇంట్లో మేం నలుగురం. మీ బాబాయిగారు, నేను, రవికాంత్, ఆవిడ. గిన్నెలో ఎప్పుడూ మూడు గ్లాసులే. మీరు తినరా అత్తయ్యా అంటే "మీరు కానివ్వండి, నాకు ఆకలి లేదు" అనేది. అడుగున ఏదైనా మిగిలితే మజ్జిగ పోసుకునేది. పోయేముందు డాక్టరు, ఒంట్లో రక్తం లేదన్నాడు. వయసు కదా అనుకున్నాం. ఆ పన్నెండేళ్లూ ఆవిడ కొలిచిన బియ్యం తిన్నదాన్ని, ఒక్కపూటైనా గ్లాసులు లెక్కపెట్టలేదు. అద్దె మాత్రం పైసలతో సహా లెక్కపెట్టుకున్నాను. సిగ్గుగా ఉంది తల్లీ.

నిన్న భోజనాల దగ్గర మీ బాబాయిగారికి ఇది చెప్పాను. కంచం ముందునుంచి లేచి వీధరుగు మీదికి వెళ్లిపోయారు.

మీ ఇంటికి కొత్తగా ఎవరూ రావడం లేదు. అందరికీ సరిపోయి మిగిలిందని నమ్మకం కుదిరాక ఆవిడ తనకి పోసుకుంది. మూడో కంచం పెట్టు. ఈ నెల నుంచి అద్దెలో ఒక మనిషి భోజనం ఖర్చు తగ్గించుకుని పంపు.

మీ పిన్ని,
రత్నమాల

తా.క.: వడ్డిస్తుంటే చాలు, చాలు అంటుంది. వినిపించుకోకు.