సుజన చెప్పిన శుక్రవారం

కార్వాన్,
బుధవారం

పోటీ నిర్వాహకులకు,

హైస్కూల్ పిల్లల ఆన్‌లైన్ వ్యాపార పోటీ నుంచి మా అమ్మాయి సుజనను తొలగించినట్టు మీ మెయిల్ వచ్చింది. పెద్దలు జవాబు అందించారని కారణం రాశారు. వీడియో కాల్‌లో వినిపించిన గొంతు నాదే. కానీ నేను మాట్లాడింది ఆమెతో కాదు.

నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. పొట్టి అయిన స్కూల్ యూనిఫాంలను పొడవు చేసి ఇవ్వడం సుజన ఆలోచన. వచ్చిన గిరాకీకి నేను ఏ రోజు చెబితే ఆ రోజును ఆమె గట్టిగా పలికి, చీటీ మీద రాస్తుంది. రెండేళ్లుగా అదే అలవాటు.

"ఆర్డరు ఎన్ని రోజుల్లో ఇస్తావు?" అని మీరు ఆమెను అడిగినప్పుడే మా గల్లీలోని జగదీశ్వర్ అన్న గుమ్మంలోకి వచ్చాడు.

"ఏంది చెల్లె, నా ప్యాంటు ఈ జన్మల ఇస్తవా?"

"లొల్లి చేయకు అన్నా, శుక్రవారం ఇస్త."

సుజన మీకు "శుక్రవారం" అంది.

మీరు అడిగింది ఎన్ని రోజులని. నేను అందించేదాన్నయితే "రెండు రోజులు" అనేదాన్ని. ఆమె పంపిన కాగితాల్లో మూడో పేజీలో అదే ఉంది.

ఆదివారం ఫైనల్ లోపు ఆమెను ఇంకోసారి అడగండి. అప్పుడు మెషిన్ ఆపి, గల్లీ మొదట్లో నిలబడతాను. జగదీశ్వర్ అన్న ప్యాంటు రేపే ఇచ్చేస్తున్నాను.

ఇట్లు,
సుజన తల్లి