ముక్క కాని ముక్క

జూన్ 3, ఉదయం 6:10
డైరీలో ఐదు నెలలు ఖాళీ. పోనీ, ఈ రోజు నుంచి నిండుతుంది!

కోడలు కాపురానికొచ్చి మూడు నెలలు. పళ్ల డాక్టరు దగ్గర నర్సు. రోజూ రాత్రి భోజనానికి పిలిస్తే ఒకటే మాట: "ఆకలిగా లేదత్తయ్యా." నిన్న ఉతకడానికి తీసిన కోటు జేబులో నూనె కాగితం దొరికింది. చికెన్ రోల్ అని అచ్చేసి మరీ ఉంది. అదీ సంగతి! ముక్క లేనిదే ముద్ద దిగని పిల్ల మా శాకాహారపు ఇంట్లో పస్తులుంటోంది.

నిర్ణయం: పదిహేను రోజులు, రోజూ మాంసం కాని మాంసం, అదే సోయాతో చేసిన ముక్కలు, వండుతాను. ఆ పిల్ల మాతో కూర్చుని కడుపునిండా తినాలి. పుట్టి బుద్ధెరిగాక ముక్క ముట్టని దాన్ని. అయినా తగ్గేది లేదు!

సాయంత్రం 5:30
సూపర్ మార్కెట్. చికెన్ లాంటిది, చేప లాంటిది, కీమా లాంటిది. అక్కడి సేల్స్ ఆవిడని అడిగాను.
"అచ్చం అసలు దానిలా ఉండేది ఏదమ్మా?"
"అసలుది ఎలా ఉంటే మీకిష్టం?"
"నాకేం తెలుసు? ఎప్పుడూ తినలేదు."
ఎగాదిగా చూసి మూడూ బుట్టలో వేసింది.

జూన్ 4
చికెన్ లాంటిది, సగం ప్యాకెట్. వెనకాల చదివితే ఉప్పు చాలా ఉందట! మా ఆయనకి బీపీ. మూడు నీళ్లలో కడిగి, ఉడికించి, వార్చేశాను.
కోడలు రెండు ముక్కలు తింది. "బాగుందత్తయ్యా."
మా ఆయన: "నా చెప్పు అడుగు కనిపించడం లేదేంటా అనుకున్నా."
విజయం! సున్నా కంటే రెండెక్కువే కదా.

జూన్ 6
చేప లాంటిది. అబ్బ, ఏం వాసన! ముక్కు మూసుకుని గరిట తిప్పాను. నిజం చేపేమోనని ప్యాకెట్ రెండుసార్లు చదివాను. రుచి చూసే ధైర్యం లేక పక్కింటి పిల్లికి వేశాను. అది వాసన చూసి, నా ముఖం చూసి, వెళ్లిపోయింది.
కోడలికి ఆకలి లేదు.

జూన్ 7
వండలేదు. కారణాలు: తలనొప్పి. గ్యాస్ అయిపోవచ్చింది (చూడలేదు, అనిపించింది). పిల్లి చూసిన చూపు.

జూన్ 9
కీమా లాంటిది. గంటన్నర చాకిరీ. కోడలు గడప దాటుతూనే "ఆకలిగా లేదత్తయ్యా". గిన్నె ఠప్పున పెట్టాను.
"బయట ముక్కలు తినొస్తే ఆకలెందుకుంటుంది? ఇక్కడ నీకోసం నేను చస్తున్నా!"
నోరు జారాను. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు.
"ముక్క కోసం కాదత్తయ్యా... ఉప్పు కోసం. మామయ్యగారికి బీపీ, సరే. అందరికీ చప్పిడి కూడేంటి? చెబితే మీరు బాధపడతారని..."
మా అబ్బాయి తల దించుకున్నాడు. మా ఆయన మాత్రం, "పదేళ్లుగా నేను చెబుతూనే ఉన్నా" అన్నాడు.
తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్లుగా నా వంట అమృతమనుకుంటున్నాను.

జూన్ 10
నిర్ణయం రద్దు. ఎవరి తిండి వాళ్లు చూసుకోండని గదిలో కూర్చున్నాను.
రాత్రి 7:45. కోడలు చికెన్ లాంటిదాంట్లో మిగిలిన సగం ప్యాకెట్ తీసింది. కడగలేదు! మా ఆయనకి విడిగా చప్పగా ఏదో వండి, దీంట్లో ఉప్పూ కారం దట్టించింది. "మీరు రాకపోతే నేనూ తినను" అని గుమ్మంలో నిలబడింది.
మొదటిసారి నా పక్కన కూర్చుని కడుపునిండా తింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. కారానికనుకుని మంచినీళ్లిచ్చింది.
నేనూ తిన్నాను. ఎంత తిన్నానో రాయను.

జూన్ 11, ఉదయం 6:00
కొత్త నిర్ణయం! మళ్లీ పదిహేను రోజులు. ప్యాకెట్లు ఎంచేదీ, వండేదీ కోడలే. నేను గిన్నె మూత తీయను, ఒక్క మాట అనను.

6:25. కోడలు పొయ్యి మీద పెట్టిన గిన్నె మూత తీసి, ఉప్పెక్కువైందేమో అని ఒక్క మాటే అన్నాను. రేపటి నుంచి లెక్క.