లిఫ్టు రోగులకు మాత్రమే

కాలేజీ ఆఫీసు సూపరింటెండెంటు గారికి,
నమస్కారం.

నేను మొదటి సంవత్సరం వైద్య విద్యార్థినిని. చిన్నప్పటి నుంచీ నా కాళ్ళు పనిచేయవు, చక్రాల కుర్చీలో తిరుగుతాను. సీటు మాత్రం అందరిలాగే మార్కులతోనే తెచ్చుకున్నాను. శవాల మీద పాఠం నేర్పే డిసెక్షన్ హాలు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు అతను నన్ను ఎక్కనివ్వడం లేదు. విద్యార్థులు మెట్లెక్కాలట. మెట్లెక్కగలిగితే ఈ ఉత్తరమే రాయను. ఇప్పటికి పదకొండు క్లాసులు పోయాయి. ఇంకో ఐదు పోతే పరీక్షకి కూర్చోనివ్వరు, ఏడాది గంగపాలు. దయచేసి లిఫ్టుకి ఒక చీటీ రాసివ్వండి.

ఇట్లు,
విధేయురాలు.

తా.క.: రెండు లైన్ల చీటీ చాలు. పెన్ను నేనే తెస్తాను.

*

విద్యార్థినికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. లిఫ్టు రోగులకు మాత్రమే. ఈ నియమం నేను చేరకముందు నుంచీ ఉంది, నేను రిటైరయ్యాకా ఉంటుంది. అయితే ఉత్తరంలో కాళ్ళు పనిచేయవన్న మాట ఉంది కాబట్టి, మా ఆఫీసు ఆనవాయితీ ప్రకారం దాన్ని ఎముకల విభాగానికి పంపాను. నీకు ఓపీ చీటీ సిద్ధంగా ఉంది, నంబరు 412. అది చూపిస్తే నిక్షేపంగా లిఫ్టు ఎక్కవచ్చు.

శ్రేయోభిలాషి,
సూపరింటెండెంటు.

తా.క.: త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను.

*

సూపరింటెండెంటు గారికి,
నమస్కారం పెట్టే ఓపిక లేదు, పెట్టాననుకోండి.

ఎముకల డాక్టరు గారు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, బాధేమిటమ్మా అన్నారు. మా సూపరింటెండెంటు గారన్నాను. చీటీ మీద ముద్ర కొట్టి కాల్షియం మాత్రలు రాశారు. ఆ చీటీ చూడగానే లిఫ్టు అతను లేచి తలుపు తీశాడు. పైన హాలు అటెండరు మాత్రం రోగులు లోపలికి రాకూడదన్నాడు. నేను విద్యార్థినినే అంటే, మరి లిఫ్టులో ఎలా వచ్చావని నిలదీశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. లోపల మావాళ్ళు మోకాలు కోస్తుంటే నేను తలుపు సందులోంచి వాళ్ళ వీపులు చూస్తూ కూర్చున్నాను. ఇలా మూడు క్లాసులు పోయాయి. ఇంకో రెండు పోతే నా పని అంతే. నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఇట్లు,
అంత విధేయురాలు కాని విద్యార్థిని.

తా.క.: కాల్షియం మాత్రలు మీకే పంపుతున్నాను. వెన్నెముకకి మంచివట.

*

412 నంబరు రోగికి,

మాత్రలు అందాయి. రోగివై ఉండి డిసెక్షన్ హాలు గుమ్మం దాకా వెళ్ళడం తప్పు. సంజాయిషీ ఇవ్వాలి. ఒకే మనిషి రెండు రిజిస్టర్లలో ఉండటం మా దగ్గర కుదరదు. నీ మీద నాకేం కోపం లేదు, మా ఇంట్లోనూ ఆడపిల్లలున్నారు. కాళ్ళతో పనిలేని చదువులు బోలెడున్నాయి, ఇంటిపట్టున కూర్చుని చదివేది ఏదైనా చూసుకోకూడదా? లిఫ్టులో పైకెళ్ళి నేరుగా హాల్లోకి పోయే హక్కు దానంగా వచ్చిన భౌతికకాయాలకి తప్ప ఎవరికీ లేదు.

శ్రేయోభిలాషి,
సూపరింటెండెంటు.

తా.క.: మాత్రలు రోజుకి ఎన్ని వేసుకోవాలో రాయలేదు.

*

అయ్యా,

కాళ్ళతో పనిలేని చదువా? నాడి కాళ్ళతో చూస్తారా? కత్తి కాళ్ళతో పట్టుకుంటారా? నా చేతులు బాగున్నాయి, బుర్ర మీకంటే బాగుంది. ఏం చదవాలో నేను మిమ్మల్ని అడగలేదు. లిఫ్టు అడిగాను.

దారి మీరే చూపించారు కాబట్టి శరీరదానం ఫారం నింపి జతచేశాను. సాక్షి సంతకం మా అమ్మ పెట్టింది, మిమ్మల్ని నాలుగు తిట్టి మరీ. ‘మరణించిన తేదీ’ దగ్గర ‘ఇంకా కుదరలేదు’ అని రాశాను. సోమవారం నా భౌతికకాయం లిఫ్టులో పైకి వస్తుంది. ఆపితే మీ నియమాన్ని మీరే తప్పినట్టు.

ఇట్లు,
ప్రాణాలతో ఉన్న దాత.

తా.క.: రోజుకి రెండు. మీరు నాలుగు వేసుకోండి.

*

దాత భౌతికకాయానికి నివాళి.

ఫారం పరిశీలించాను. అన్ని గడులూ నింపి, సాక్షి సంతకం కూడా ఉన్నందున స్వీకరించడమైనది. మీ నంబరు 9. తేదీ సంగతి వీలు చూసుకుని తెలియజేయగలరు. లిఫ్టుకి, హాలుకి అనుమతి ఇవ్వడమైనది. భౌతికకాయాలకి గైర్హాజరు అన్నది ఉండదు కనుక మీ హాజరు నూటికి నూరు. ఒక్కటే షరతు. హాల్లో మాట్లాడకూడదు, ప్రశ్నలు వేయకూడదు.

సూపరింటెండెంటు.

తా.క.: మీ కుటుంబానికి నా ప్రగాఢ సానుభూతి.

*

సూపరింటెండెంటు గారికి,

సోమవారం లిఫ్టు అతను నాకు దండం పెట్టి తలుపు తీశాడు. మీ షరతు మూడు రోజులు పళ్ళు బిగబట్టి పాటించాను. నాలుగో రోజు ప్రొఫెసరు గారు మోకాలి వెనక నరం పేరు అడిగితే అందరూ పుస్తకాలు తిరగేశారు. నాకు ఆగలేదు, చెప్పేశాను. చెప్పిందెవరని ఆవిడ అడిగితే అటెండరు లేచాడు.

“తొమ్మిదో నంబరు శవమండీ.”

ఇదేమిటని ఆవిడ నా సంచిలో ఉన్న మీ ఉత్తరాలన్నీ తీసుకుని క్లాసు ముందు పైకి చదివారు. సానుభూతి దగ్గరికొచ్చేసరికి అందరూ పగలబడి నవ్వారు. తర్వాత నా మొహం చూసి ఆపేశారు. ఏడుపొచ్చేసింది నాకు. బతికున్న పిల్లకి ఇవ్వని లిఫ్టు శవానికి ఇచ్చారు కదండీ మీరు.

ఆవిడ నన్ను వెంటబెట్టుకుని ప్రిన్సిపాలు గారి దగ్గరికి వెళ్ళారు. ఆయన ఉత్తరాలు రెండుసార్లు చదివి, కింది అంతస్తులో పెద్ద గది ఏదుందని అడిగారు. ఒక్కటే ఉందట. మీ ఆఫీసు. రేపటి నుంచి డిసెక్షన్ హాలు అక్కడ, మీ ఆఫీసు మూడో అంతస్తులో. తొమ్మిదింటికి మా బల్లలు దిగుతాయి, ఈలోగా ఫైళ్ళు తీసేయండి.

ఇట్లు,
మొదటి సంవత్సరం వైద్య విద్యార్థిని.

తా.క.: లిఫ్టు దగ్గర నిలబడకండి, మీరు రోగి కారు. మెట్లు డెబ్బై రెండు. మావాళ్ళు లెక్కపెట్టారు.