అల్లుడు పాడుచేయని తుపాకీ

చిట్టితల్లీ,

మీ ఆటమైదానంలో రంగుగుండ్లు కాల్చే బ్యాటరీ తుపాకీ బాగైపోయిందమ్మా! మీట నొక్కగానే రంగుగుండు దూసుకెళ్లి మెకానిక్ షాపు గోడంతా పచ్చబడిపోయింది!

అల్లుడు పాడుచేయలేదు. గుండు లోపలికి వచ్చిందో లేదో చూసే చిన్న కన్ను ఉంటుందట దానికి. అది నూనె కమ్మి మూసుకుపోయి, తుపాకీ పేలడం మానేసిందట.

"కుట్టుమిషను నూనె ఎవరు పోశారు పెద్దాయనా?" అన్నాడు మెకానిక్.

నేనే తల్లీ! మేలు చేద్దామనే పోశాను. పైగా "అల్లుడి చెయ్యి పడితే బంగారమూ మట్టే" అని అందరికీ చాటాను. పాపం, అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు.

నా నోటికి అల్లుడు బలయ్యాడు, అసలు నిజం నువ్వే అందరికీ చెప్పు: పెద్దత్తకి, బాబాయికి, అక్కకి, ఆఖరికి మీ అత్తగారికి కూడా. ఆవిడ కొడుకు గురించి ఆవిడకే చెప్పానే! అల్లుడికి మాత్రం నేనే వచ్చి చెప్తాను. తలుపు తీయమను.

నాన్న