ట్వైలా కారుకి గాలి గొట్టం

సెప్టెంబర్ 14, శనివారం

నిర్ణయం అయిపోయింది. మా చెల్లెలు ట్వైలా మియాటా కారుకి కోల్డ్ ఎయిర్ ఇంటేక్, అంటే ఇంజిన్‌కి బయటి చల్లగాలి తెచ్చే గొట్టం, నా చేతులతో చేసి పెడతాను. దానికి ముందే చెప్పను. ఈ ఏడాది ఆఖరి రేసు రోజున బానెట్ ఎత్తి అదే చూసుకుంటుంది.

చలికాలమంతా నా చెల్లెలే నన్ను లింకన్ ఆసుపత్రికి తిప్పింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా, మంచులో, దాని పికప్పులో. అందుకోసం స్కూల్లో తను చెప్పే బ్యాండు క్లాసులు మధ్యాహ్నానికి మార్పించుకుంది. జబ్బు ఊసు ఈ పుస్తకంలో వద్దు. తగ్గింది, అంతే. కానీ దానికి ఇంతవరకు థాంక్స్ చెప్పలేదు. చాలాసార్లు నోటిదాకా వచ్చింది. వచ్చినప్పుడల్లా హీటర్ తగ్గించమనో, ముందున్న లారీ చూసుకోమనో అన్నాను. మా నాన్న కూడా ఇంతే. ఎవరైనా మేలు చేస్తే వెళ్లి వాళ్ల గేటు బాగుచేసి వచ్చేవాడు, మాట్లాడేవాడు కాదు.

దాని రేసు కారు ఎలాగూ నా షెడ్డులోనే ఉంటుంది.

సెప్టెంబర్ 16, సోమవారం

పాత బళ్ల యార్డులో మంచి అల్యూమినియం పైపు దొరికింది. ఏదో ట్రక్కుది. వంపు కూడా నాకు కావలసినంతే ఉంది. యార్డువాడు ఏ బండికి అని అడిగితే మియాటాకన్నాను. ఆ బొమ్మ కారుకా అని ఇకిలించాడు.

నేనూ ఒకప్పుడు అలాగే అన్నాను. నా కుర్రతనంలో ఆడినవి నేరుగా పోయే రేసులు. పచ్చదీపం వెలగడం, యాక్సిలరేటర్ అడుగంటా తొక్కడం, అంతే. ట్వైలా ఆట వేరు. ఖాళీ ఎయిర్‌ఫీల్డులో కోన్లు పేర్చి, వాటి మధ్య మెలికలు తిరుగుతూ ఒక్కొక్క కారే గడియారంతో పోటీ పడుతుంది. కోన్ తగిలితే టైముకి జరిమానా. పిల్లలాట అని వెక్కిరిస్తే ఒకసారి నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుంది. దిగాక కాసేపు కారు పట్టుకునే నిలబడ్డాను. ఏం అన్నయ్యా, ఆట అయిపోయిందా, ఇంకో రౌండు వేద్దామా అంది, దొంగమొహంది.

సెప్టెంబర్ 19, గురువారం

కంపెనీవాళ్లిచ్చిన ఎయిర్ బాక్స్, ఫిల్టర్ ఉండే ప్లాస్టిక్ డబ్బా, కోసేశాను. లోపలికి వెళ్లే గాలిని కొలిచే సెన్సార్ ఒకటుంటుంది. అది కూర్చునే గూడు ఆ డబ్బాలోనే పోతపోసి ఉంది. ఆ గూడు నా పైపుకి కావాలి. హాక్‌సాతో కోసి, ఆకురాయితో నున్నగా చేసి, పైపుకి అతికించాను. మిగతా డబ్బా చెత్తబుట్టలోకి.

ఇంజిన్ బానెట్ కింది వేడిగాలి పీల్చుకుంటూ ఎన్నాళ్లని ఈడుస్తుంది పాపం. చల్లగాలి చిక్కగా ఉంటుంది. హెడ్‌లైట్ పక్కనున్న సందులోంచి తెచ్చి పెడితే దాని ఊపే వేరు.

సెప్టెంబర్ 21, శనివారం

స్టార్ట్ చేశాను. రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. సెన్సార్ పాడైందేమో అనుకున్నాను. పొద్దున్నంతా వెతికితే తేలిందేమిటంటే, సెన్సార్ దాటాక ఉన్న రబ్బరు అతుకు దగ్గర సన్న సందు. అక్కడ దూరే గాలికి లెక్కాపత్రం లేదు, అందుకే ఇంజిన్ తికమకపడుతోంది. క్లాంపు బిగించాను.

ఆ తర్వాత వచ్చిన శబ్దం! షెడ్డులో ఒక్కణ్ణే నిలబడి చప్పట్లు కొట్టాను. మార్చిలో ఈ షెడ్డు మెట్లు ఎక్కడానికి ట్వైలా భుజం కావలసివచ్చినవాణ్ణి. దేవుడా, చాలా దయ చూపించావు.

సెప్టెంబర్ 22, ఆదివారం

వేడి తగలకుండా ఫిల్టర్‌కి అడ్డు కావాలి. వంటింట్లో బిస్కెట్లు కాల్చే కుకీ ట్రే బలైంది.

సెప్టెంబర్ 28, శనివారం

అంతా సిద్ధం. రేపే ఆఖరి రేసు. ట్వైలాకీ కొరీన్ వాసెక్‌కీ పాయింట్లు సమానం. రేపు ఎవరు ముందుంటే ఈ ఏడాది కప్పు వాళ్లది. కొరీన్ ఊళ్ల వెంట ఉత్తరాలు పంచి రిటైరయిన మనిషి. వయసు డెబ్బైకి దగ్గర. ఆవిడదీ మియాటానే, ట్వైలా కారుకి కవలపిల్ల. ఎన్నో ఏళ్లుగా కొరీన్ రెండో స్థానం దాటలేదు. ట్వైలాకి కూడా ఇంతవరకు కప్పు లేదు. ఈ ఒక్కసారి గెలవాలి అన్నయ్యా అని నిన్న ఫోన్‌లో అంది. అలాంటి మాట దాని నోట ఎప్పుడూ వినలేదు.

గెలుస్తుందిలే, చూడు అన్నాను. నవ్వు ఆపుకోలేక ఫోన్ పెట్టేశాను.

సెప్టెంబర్ 29, ఆదివారం, ఉదయం ఆరు

మియాటా నడుపుకుంటూ బయల్దేరుతున్నాను. ట్వైలా తన పికప్పులో నేరుగా అక్కడికే వస్తుంది. నిద్ర పట్టలేదు, సంతోషంతోనే.

సెప్టెంబర్ 29, సాయంత్రం

ఎక్కడ మొదలుపెట్టను.

నేను ఎయిర్‌ఫీల్డు గేటు దాటుతుండగానే, ఇంజిన్ శబ్దానికి ట్వైలా మొహం మారిపోయింది. అది బ్యాండు టీచరు, చెవులే దాని కళ్లు. నేను దిగకముందే బానెట్ ఎత్తింది. మెరిసే పైపు, కుకీ ట్రే, ఎర్ర ఫిల్టర్. నేను పక్కన నిలబడి పెళ్లికొడుకులా నవ్వుతున్నాను.

అన్నయ్యా, ఏం చేశావురా అంది, చాలా మెల్లగా.

అప్పుడు చెప్పింది. వాళ్లు పోటీపడే క్లాసులో కారు ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలట. ఫిల్టర్ కాగితం మార్చుకోవచ్చు, డబ్బా గానీ గొట్టం గానీ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే కారు పై క్లాసులోకి పోతుంది, అక్కడ దాని పాయింట్లు సున్నా. మా రేసుల్లో బానెట్ కింద ఏముందో ఎవడూ అడిగేవాడు కాదు. ఇక్కడా అంతే అనుకున్నాను. రూల్ పుస్తకం ఒకటుంటుందని కూడా నాకు తట్టలేదు.

పాత డబ్బా ఏదీ, పది నిమిషాల్లో మార్చేద్దాం అంది.

కోసేశానన్నాను.

టైరు మీద కూలబడింది. ఎందుకు చేశావని అడిగింది. చలికాలం నువ్వు నన్ను ఆసుపత్రికి, అని మొదలుపెట్టాను, ముగించలేకపోయాను. థాంక్స్ అని ఒక్క మాటంటే సరిపోయేది కదరా, దానికి రంపం ఎందుకు అంది. కళ్లలో నీళ్లు, మూతి మీద నవ్వు. భూమి చీలితే బాగుండుననిపించింది.

అప్పటికే చుట్టూ జనం. రేసుకి ముందు కార్లు చెకింగ్ చేసే డెల్బర్ట్ పాపం తల గోక్కుంటూ, పై క్లాసులో రాసుకోమంటారా అని అడిగాడు. జనాన్ని తోసుకుంటూ కొరీన్ వచ్చింది. బానెట్‌లోకి తొంగిచూసింది. నాకేసి తిరిగి, ఏవయ్యా లేలండ్, ఇది కారా బేకరీయా అంది. తర్వాత జేబులోంచి తాళం తీసి ట్వైలా ఒళ్లో పడేసింది.

నా కారు నడుపు. ఒక కారుకి ఇద్దరు డ్రైవర్లు ఉండొచ్చు, రూల్ చదువుకున్నదానివే కదా అంది.

ట్వైలా వద్దంది. మీ కప్పు మీరు తీసుకోండి, నా ఖర్మ ఇది అంది. కొరీన్‌కి కోపం వచ్చింది. నువ్వు లేకుండా గెలిస్తే అది కప్పా తల్లీ, పూలకుండీ అవుతుంది, లే అంది.

కారు ఒకటే, మనుషులు ఇద్దరు. ప్రతి పరుగుకీ ముందు కొరీన్, తర్వాత ట్వైలా. కొరీన్ పొట్టి, కుషన్ వేసుకుని కూర్చుంటుంది. మధ్యలో కుషన్ తీసి, సీటు వెనక్కి జరిపి, వేడెక్కిన టైర్ల మీద నీళ్లు చల్లే పని నాది. అంత శ్రద్ధగా నా జీవితంలో ఏ పనీ చేయలేదు.

ఆఖరి పరుగులో కొరీన్ అదరగొట్టింది. ఒక్క కోన్ కూడా కదల్లేదు. ఆవిడే ముందుంది. దిగి, చేతి తొడుగులు తీస్తూ, కిటికీలోకి వంగి ట్వైలాతో అంది. ఆ దూరపు ఎడమ మలుపులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీయకు, ఈ బండి పట్టు తప్పదు, నాకు ఇవాళే తెలిసింది. ఇంకో మాట, నా మీద జాలిపడి మెల్లగా పోయావో, జన్మలో నీతో మాట్లాడను.

ట్వైలా కాలు తీయలేదు.

రెప్పపాటంత తేడాతో కప్పు మా చెల్లెలిది. అందరూ కేకలు వేశారు. అందరికంటే గట్టిగా అరిచింది కొరీన్. నేను నీళ్ల డబ్బా పట్టుకుని పికప్పు వెనక్కి వెళ్లి ఏడ్చాను. అంతమందిలో ఆవిడ దగ్గరికి వెళ్లి మాట్లాడే ధైర్యం రాలేదు. ట్వైలా నా గొట్టమున్న కారులోనే ఇంటికి పోయింది. దీని గొంతు మాత్రం బాగుందిరా, మా బ్యాండులో ట్రాంబోన్‌లా ఉంది అంది.

సెప్టెంబర్ 30, సోమవారం

ఇంత మంచి మనుషుల మధ్య బతికి ఉన్నాను.

అక్టోబర్ 1, మంగళవారం

కొరీన్‌కి ఏం చేసిపెట్టాలా అని పొద్దుటినుంచి ఆలోచన. ఆవిడ షెడ్డు తలుపు ఓ పక్కకి వాలింది. ఆవిడ కారు సీట్లో కుషన్ బదులు చక్కగా ఒక చెక్క పీట అమర్చవచ్చు. కొలతలు కాగితం మీద గీస్తుండగా ట్వైలా ఫోన్. హలో అనలేదు. నువ్వు కొరీన్‌కి ఏదో చేయబోతున్నావు, నాకు తెలుసు, రంపం కింద పెట్టు అంది. నా చేతిలో పెన్సిలే ఉందన్నాను. అదీ కింద పెట్టమంది.

మరేం చేయమంటావే అన్నాను. నోరు లేదా నీకు అంది.

అక్టోబర్ 5, శనివారం

ఉత్త చేతులతో కొరీన్ ఇంటికి వెళ్లాను. తలుపు తీయగానే, మెట్ల మీదే, థాంక్స్ చెప్పేశాను. సరేలే, లోపలికి రా, కొలాచీలు ఇప్పుడే దించాను అంది. జామ్ పెట్టిన ఆ తీపి బన్నులు తిన్నాను. వెళ్లేటప్పుడు ట్వైలాకి ఇవ్వమని ఓ పొట్లం చేతిలో పెట్టబోయింది. ఇవాళ వద్దు, రేపొచ్చి తీసుకెళ్తానన్నాను.

అట్నుంచి ట్వైలా ఇంటికి వెళ్లాను. అక్కడికీ ఉత్త చేతులతోనే.