ఎడ్లు మేసిన ఓట్స్ మడి

ఎల్లారెడ్డి,
ఫిబ్రవరి 2014.

గంగారామన్నకు,

నోటితోని చెప్తే తిట్లే వస్తయని రాస్తున్న.

నిన్న నీ ఎడ్లు నా ఓట్స్ మడిల పడి మేసినయ్. వాటి తప్పు లేదు. పలుపులు విప్పి గట్టు మీద కూసున్నది నువ్వు. అడగొస్తే నలుగురి ముందట ఏమన్నవ్? "ఓట్లు పోయినయా చెల్లె? ఎలక్షన్లకు ఇంకా దినాలున్నయ్ కద!" అందరు నవ్విండ్రు. "గడ్డి మేస్తే పంచాయితీ ఏందే" అని మళ్ల ఇంకో మాట.

అది గట్టు మీద మొలిచిన గడ్డి కాదు. పశువుల దవాఖాన నుంచి విత్తనం తెచ్చి, దున్ని చల్లి, నీళ్లు కట్టి పెంచిన. మళ్ల చిగురు రావాల్నని మొదటి కోతల బెత్తెడు మొదళ్లు ఉంచి కోసిన. ఆ చిగురు మోకాలెత్తు అయింది. ఈనిన నా బర్రెకు ఎండకాలం దాక అదే పచ్చిమేత. తడి కట్టిన తెల్లారే ఎడ్లు పడ్డయి. బురదల మొదళ్లు వేర్లతోని లేచొచ్చినయ్.

నీ వరి గూడ గింజ పట్టేదాక గడ్డే. నా బర్రెను అందుల ఇడిస్తే నవ్వుతవా? నేనట్ల ఇడువ.

ఈ కాగితం తెచ్చిన మా ఆయన చేతిల బర్రె పలుపు ఉంటది. అందుకొని నీ కొట్టంల కట్టెయ్యి. వానలు పడి పచ్చిమేత మొలిచేదాక నువ్వే మేపు. పాలు పిండుకోను పొద్దుమాపు నేనొస్త, కని నీతోని మాట్లాడ. దానికి రోజూ రెండు మోపులు కావాలె. యాడనుంచన్న కోసి మోసుకరా. గడ్డే కద.

నీ చిన్నబాపు బిడ్డ