బావ చేతిలోనే ఎక్కుతున్న శ్రుతి

ప్రియమైన బావకి,

నువ్వడిగిన బారిటోన్ గిటారు చేసి ఇవాళ పార్సిల్లో వేశాను. అక్కని నీకిచ్చి చేసినందుకు మా వాళ్ళకి ఏం దక్కిందో తెలీదుగానీ, నాకు మాత్రం ఈ చాకిరీ దక్కింది. మంద్రంగా పలకాలి కనక మామూలు గిటారుకన్నా మెడ నాలుగు వేళ్ళు పొడుగు, తీగలు మరీ లావు. తీగని మెట్టు మీద నొక్కితే కాస్త సాగుతుంది, సాగితే శ్రుతి పైకెక్కుతుంది. లావు తీగైతే ఇంకా ఎక్కుతుంది. అదంతా ముందే ఊహించి, కింద తీగలు ఆనే ఎముక పలకని వెనక్కి జరపాలి, ఒక్కో తీగకి ఒక్కోచోట అరగదీయాలి. మా పనిలో దీన్ని కాంపెన్సేషన్ అంటారు. మా ఆవిడ పిచ్చి అంటుంది. వెంట్రుకవాసి తేడాకి ఎన్ని పలకలు చెత్తబుట్టలో వేశానో!

దాన్ని విప్పకు, బాగుచెయ్యకు, నీ తెలివితేటలు దాని మీద చూపించకు.

నీ బావమరిది

*

ప్రియమైన బావమరిదికి,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను. వొట్టి తీగ మీటితే బంగారమే. ఎక్కడ నొక్కినా మాత్రం శ్రుతి ఎక్కిపోతోంది. నిన్న రిహార్సల్లో మా గాయకబృందం మేడమ్ పాట మధ్యలో ఆపి, పాడేవాళ్ళందరి ముందూ "మాస్టారూ, మీరొకసారి శ్రుతి చూసుకోండి" అంది. వీళ్ళ వెనక వాయిస్తూ జుట్టు నెరిసింది, ఈ మాట ఎప్పుడూ పడలేదు. కొత్త హాల్లో మొదటి కచేరీకి ఈ గిటారే ఉండాలని ఆవిడకి నచ్చజెప్పింది నేనే, నా ఖర్మ.

వెనక్కి పంపుతున్నాను. పలక జరుపుతావో, నీ బుర్రే జరుపుతావో నీ ఇష్టం.

మీ అక్క మొగుడు

*

ప్రియమైన, నా ఓపిక తినేస్తున్న బావకి,

ప్రతి తీగా, ప్రతి మెట్టూ నొక్కి చూశాను. శ్రుతి చూపే ట్యూనర్ ముల్లు నడుమ నిలబడి కదిలితే ఒట్టు. అయినా పెద్దవాడివి, అడిగావు కదా అని పలకని ఇంకో పిసరు వెనక్కి జరిపాను. ఇప్పుడు నా చేతికి శ్రుతి కాస్త తగ్గే పలుకుతోంది. ఇంకా ఎక్కుతోందంటే నేను నమ్మను. ఆడలేక మద్దెల ఓడన్న సామెత నీకు గుర్తుచేద్దామనుకున్నాను. అక్క కూడా ఈ ఉత్తరం చదువుతుందని ఆగాను.

నీ బావమరిది

*

బావమరిదికి,

ఇంకా ఎక్కుతోంది. మొన్నటికన్నా తక్కువే, కానీ ఎక్కుతోంది. మేడమ్ ఇప్పుడు ఏమీ అనడం లేదు, అదే నా భయం. గిటారు వాయించే ఇంకెవరినో పిలిపించి వాయింపు విన్నదట. ఈ కచేరీ చేజారితే నాకు ఇంకేం మిగులుతుందో నువ్వే చెప్పు.

గిటారు మళ్ళీ వస్తోంది. నాకు చేతకాదు అని ఒక్క ముక్క రాసెయ్. ఇద్దరం హాయిగా ఉంటాం.

బావ

*

ప్రియమైన బావా,

నిన్ను కడిగేద్దామనే పెట్టె తెరిచాను. తీగలు విప్పితే మెట్ల మీద గుంటలు కనబడ్డాయి. నిన్నగాక మొన్న చేసిన గిటారుకి ఏళ్ళ తరబడి వాయించినంత అరుగుదల! మెడ వెనక బొటనవేలు ఆనేచోట పాలిష్ లేచిపోయింది. మళ్ళీ తీగలు కట్టి, ఈసారి పళ్ళు బిగించి బలమంతా పెట్టి నొక్కాను. ముల్లు పైకి లేచింది, అచ్చం నువ్వు చెప్పినట్టే. నేను పలక సర్దింది నా చేతి నొక్కుడికి. నీ నొక్కుడు అది కాదు.

కానీ నాకు గిటారు నేర్పినప్పుడు "తీగకి వేలు ఆనితే చాలురా, దాని పీక పిసక్కు" అని నెత్తిన మొట్టింది నువ్వే కదా.

అక్కకి ఫోన్ చేశాను. చొక్కా గుండీలు తనచేత పెట్టించుకుంటున్నావట. "ఈ వయసులో సరసం ముదిరింది అనుకున్నానురా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తీగ నీ వేలికి తెలియడం లేదు కదూ? తెలియకే అంత నొక్కుతున్నావు కదూ?

పలకని ఇంకా వెనక్కి జరిపి నీ నొక్కుడికి సరిచేయగలను. చెయ్యను. డాక్టరుకి చూపించుకునేదాకా గిటారు నా దగ్గరే ఉంటుంది. నీ తిట్లు అయ్యాక, అక్కకి అన్నీ చెప్పేశానని కూడా తెలుసుకో.

నీ బావమరిది

*

ప్రియమైన బావమరిదికి,

చాడీలు చెప్పడం నీకు చిన్నప్పటి విద్యే. మీ అక్క నన్ను చెవి పట్టుకున్నంత పనిచేసి తీసుకెళ్ళింది. మణికట్టు దగ్గర నరం నలుగుతోందట. డాక్టరు కళ్ళు మూసుకోమని, వేళ్ళ మీద సూదితో పొడుస్తానన్నాడు. కాసేపు ఎదురుచూసి "ఊఁ, పొడవండి" అన్నాను. పొడవడం అయిపోయిందన్నాడు. మీ అక్క మొహం అటు తిప్పేసుకుంది.

ఆపరేషన్ చేయాలట. స్పర్శ తిరిగి వస్తుందో రాదో ఆయనా చెప్పలేకపోతున్నాడు. కచేరీకి వేరే మనిషిని పెట్టుకోమని మేడమ్‌కి నేనే చెప్పి వచ్చాను. గిటారులో ఏ తప్పూ లేదని కూడా చెప్పాను. పలకని నువ్వు మొదట పెట్టిన చోటికే జరిపెయ్.

మొదటిసారి శ్రుతి ఎక్కినప్పుడే నా వేళ్ళ మీద నాకు అనుమానం వచ్చిందిరా. అయినా నీ పార్సిల్ విప్పిన ప్రతిసారీ, తప్పు నీదేనని తేలితే బాగుండునని ఆశపడ్డాను. నీ పనిలో తప్పుండదని తెలిసి కూడా ఆశపడ్డాను.

బావ